తగవు ఆలుమగలది, వాయిదా పసివాడికి

పొద్దున్నే తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి పిల్లవాణ్ణి బస్సెక్కిస్తారు. ఎక్కడికిరా అని పక్కసీటాయన అడిగితే కోర్టుకు అంటాడు. వాడు దొంగతనం చెయ్యలేదు, గట్టు తగాదా పెట్టుకోలేదు. అమ్మా నాన్నా విడిపోతున్నారు. వాడు ఎవరి దగ్గర పెరగాలో తేలాలి. దారి పొడుగునా పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ఒకటే పాఠం వల్లె వేయిస్తుంటారు. "జడ్జీగారడిగితే ఏం చెప్పాలో గుర్తుందిగా?"

ఆ పాఠమే ఒక్కోసారి కొంప ముంచుతుందన్న సంగతి చాలామందికి తెలియదు.

పూర్వం ఇలాంటి తగవులు రచ్చబండ దగ్గరే తెగిపోయేవి. మగపిల్లవాడు తండ్రికి, ఆడపిల్ల తల్లికి అని పెద్దమనుషులు చెప్పేసేవారు. గొడ్డూ గోదా పంచినట్టే పిల్లల్నీ పంచేవారన్నమాట. కోర్టు అలా పంచదు. పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కారు, ఆటవస్తువులూ కారు అని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది.

"నేను కన్నతండ్రిని, చట్టం నా వైపే ఉంది" అని మీసం దువ్వేవారు ఇప్పటికీ ఉన్నారు. హిందువుల పిల్లల సంరక్షణకు 1956లో చేసిన చట్టంలో తండ్రి పేరు ముందున్న మాట నిజమే. కాని ఆ చట్టంలోనే ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని రాశారు. తండ్రి బతికి ఉండగా కూడా తల్లి సంరక్షకురాలు కావచ్చునని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. వీటన్నిటికీ మించి, బిడ్డ మేలే ముఖ్యమని అదే చట్టం 13వ సెక్షను చెబుతోంది. మతంతో పనిలేకుండా అర్జీ పెట్టుకోవడానికి 1890 నాటి గార్డియన్ల చట్టం ఉండనే ఉంది. దాని ప్రకారం జడ్జీ పిల్లల వయసు చూడాలి, అడుగుతున్న మనిషి నడతా శక్తీ చూడాలి. బిడ్డకు ఊహ తెలిస్తే బిడ్డ ఇష్టం కూడా చూడవచ్చు.

మరి ఆ మేలు ఎక్కడుందో తెలిసేదెలా? చిక్కంతా ఇక్కడే వస్తుంది. భార్య తరఫు కాగితాల్లో భర్త తాగుబోతు. భర్త తరఫు కాగితాల్లో భార్య గయ్యాళి. రెండు కట్టలూ చదివితే ఆ బిడ్డకు లోకంలో ఎవరూ లేరనిపిస్తుంది. జడ్జీ ఆ ఇంటికి వెళ్లి చూడలేదు, పిల్లవాడికి జ్వరం వచ్చిన రాత్రి ఎవరు మేలుకున్నారో కాగితంలో ఉండదు.

కౌన్సెలర్ గదిలో

ఈ చిక్కు తీర్చడానికే 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం చేశారు. అందులో 6వ సెక్షను కింద ఈ కోర్టులకు కౌన్సెలర్లను ఏర్పాటు చేస్తారు. రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టును సంప్రదించి ఆ ఏర్పాటు చేయాలి. 12వ సెక్షను ఇంకో అడుగు ముందుకు వేసింది. వైద్య నిపుణులను గాని, కుటుంబ సంక్షేమం కోసం పనిచేసే వారిని గాని కోర్టు సాయానికి పిలుచుకోవచ్చు. దొరికితే స్త్రీనే పిలవడం మంచిదని కూడా ఆ సెక్షనులో ఉంది. విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ వంటి చోట్ల ఫ్యామిలీ కోర్టులున్నాయి. అవి లేని ప్రాంతాల్లో ఈ కేసులు జిల్లా కోర్టులో నడుస్తాయి. అక్కడ కూడా జడ్జీ పిల్లవాణ్ణి తన చాంబరుకు పిలిచి, పెద్దల్ని బయట ఉంచి మాట్లాడడం వాడుకలో ఉంది.

కౌన్సెలర్ గది కోర్టు హాలులా ఉండదు. బోను ఉండదు, బంట్రోతు పేరు పెట్టి అరవడు. తల్లితో విడిగా, తండ్రితో విడిగా, బిడ్డతో విడిగా మాట్లాడతారు. ఒక్కోసారి బిడ్డను తండ్రితోనో తల్లితోనో కాసేపు ఆడుకోనిచ్చి పక్కన కూర్చుని చూస్తారు. "నీకు అమ్మ కావాలా, నాన్న కావాలా" అని ముఖం మీద అడగడం తెలిసినవారు చేసే పని కాదు. పొద్దున ఎవరు లేపుతారు, జడ ఎవరు వేస్తారు, బళ్లో దెబ్బ తగిలితే ముందు ఎవరికి చెబుతావు, చీకటంటే భయమేస్తే ఎవరి పక్కన పడుకుంటావు అని అడుగుతారు. జవాబుల్లో అసలు సంగతి తనంతట తనే బయటపడుతుంది.

బస్సులో నేర్పిన పాఠం కూడా ఇక్కడే బయటపడుతుంది. "మా నాన్న సంపాదనంతా దుబారా చేస్తాడు, బాధ్యత లేదు" అని ఐదేళ్ల పిల్ల గడగడా అప్పగిస్తే ఆ మాట పిల్లది కాదని గ్రహించడానికి పెద్ద చదువులక్కరలేదు. మళ్లీ అడిగితే అవే మాటలు, అదే వరసలో వస్తాయి. మధ్యలో ఒక మాట మరిచిపోతే పిల్ల తలుపు వైపు చూస్తుంది. అది చూసిన కౌన్సెలర్ తండ్రి దుబారా సంగతి పక్కన పెట్టి, ఈ పిల్లకు ఇవన్నీ నూరిపోస్తున్నదెవరా అని ఆలోచించడం మొదలుపెడతారు. గెలిపిస్తుందనుకున్న పాఠం ఎదురుతిరిగేది ఇలాగే.

బిడ్డ ఏది కోరితే అదే తీర్పు అనుకోవడం కూడా పొరపాటే. 2017లో సుప్రీంకోర్టు ముందుకు ఒక ఆడపిల్ల కేసు వచ్చింది. రెండేళ్లు నిండకముందే తల్లికి దూరమై తండ్రి దగ్గర పెరిగిన పిల్ల. నాన్న దగ్గరే ఉంటానంది. ఉంటాననే అంటుంది, అమ్మ ఎలా ఉంటుందో ఎరుగదు కదా! తల్లి దగ్గర ఉండి చూస్తేనే గాని ఆ ఇష్టానికి విలువ కట్టలేమని కోర్టు భావించి, పిల్లను తల్లికి అప్పగించాలన్న హైకోర్టు తీర్పును నిలబెట్టింది. ఒకరి దగ్గరే పెరిగిన బిడ్డకు రెండోవారి మీద విముఖత పాతుకుపోవడం గురించి ఆ తీర్పులో వివరంగా రాశారు.

చెప్పిన మాట రహస్యమా?

రాజీ కోసం మధ్యవర్తి ముందు చెప్పిన మాటలు రహస్యం. రాజీ చెడితే వాటిని కోర్టులో ఎత్తి చూపకూడదు. మరి కౌన్సెలర్ ముందు బిడ్డ చెప్పిన మాటల సంగతి ఏమిటి? ఇది పెద్ద కోర్టుల దాకా వెళ్లిన ప్రశ్న.

తల్లి ఢిల్లీలో, తండ్రి కెన్యాలో ఉన్న ఒక జంట 2012లో కోర్టుకెక్కింది. ఒక్కడే కొడుకు. 2016లో ఢిల్లీ హైకోర్టు వారిని మధ్యవర్తి దగ్గరకు పంపింది. పిల్లవాడితో మాట్లాడడానికి కౌన్సెలర్ సాయం కూడా తీసుకున్నారు. రాజీ కుదరలేదు, నివేదికలు మాత్రం కోర్టుకు చేరాయి. తండ్రి వాటిని ఆధారం చేసుకున్నాడు. రాజీ గదిలో జరిగింది బయటకెలా తెస్తారని తల్లి అభ్యంతరం చెప్పింది. హైకోర్టు మొదట తండ్రి వాదన ఒప్పుకుని, 2017 డిసెంబరులో మళ్లీ పరిశీలించి తల్లి వాదన సరైనదంది. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. రహస్యం అన్న నియమం పెద్దల బేరసారాలకు వర్తిస్తుంది గాని, బిడ్డ మనసు తెలుసుకోవడానికి కౌన్సెలర్ ఇచ్చిన నివేదికకు అడ్డు రాదని తేల్చింది. కాబట్టి ఆ గదిలో జరిగింది ఆ గదిలోనే ఉండిపోతుందని ఎవరూ ధీమా పడరాదు.

ఆ కథ అంతటితో ఆగలేదు. 2020 అక్టోబరులో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు తండ్రి వైపు మొగ్గారు, ఒకరు విభేదించారు. కెన్యా కోర్టు నుంచి కూడా ఇలాంటి ఉత్తర్వే తేవాలనే షరతు పెట్టి పిల్లవాణ్ణి తండ్రికి అప్పగించారు. అతడు షరతులు పాటించలేదని, కోర్టును మోసగించాడని తేలడంతో మరుసటి ఏడు అక్టోబరులో సుప్రీంకోర్టు తన తీర్పును తానే వెనక్కు తీసుకుంది. పిల్లవాణ్ణి రప్పించే పని సి.బి.ఐ.కి అప్పగించింది. కౌన్సెలర్ పిల్లవాడి మనసు చూసి చెప్పగలరు. రేపు ఆ పెద్దమనిషి ఏం చేస్తాడో చెప్పమంటే ఎవరి తరం?

నిపుణులెవరు?

నిపుణుల మాట కోర్టుకు ఒక ఆధారం, తీర్పు కాదు. తీర్పు చెప్పేది జడ్జీయే. అయినా ఆ నివేదిక బరువు తక్కువేం కాదు. మామూలు సాక్ష్యాల చట్టం ఒప్పుకోని కాగితాన్ని కూడా, తగవు తేల్చడానికి పనికొస్తుందనుకుంటే ఫ్యామిలీ కోర్టు 14వ సెక్షను కింద తీసుకోవచ్చు. అందుకే ఆ నివేదిక రాసేవారు ఎలాంటి వారన్నది చిన్న విషయం కాదు. 12వ సెక్షను వైద్య నిపుణులను పేర్కొంది గాని, ఇతరులకు ఫలానా చదువు, ఇన్నేళ్ల అనుభవం ఉండాలని చెప్పలేదు. కోర్టు ఎవరిని తగినవారనుకుంటే వారే.

ఈ బెడద మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో ఇలాంటి కేసుల్లో పిల్లల్ని పరీక్షించే సైకాలజిస్టుల మీద 2023లో పెద్ద చర్చ నడిచింది. ఆ దేశంలో సైకాలజిస్టు అన్న ఒట్టి పేరుకు చట్టం కాపలా లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. కోర్టులే వారి అర్హతలను జాగ్రత్తగా చూసుకోవాలని అక్కడి ఫ్యామిలీ కోర్టుల పెద్ద న్యాయమూర్తి హెచ్చరించారు. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి నమోదు ఉంటుంది. వచ్చినవారి అర్హత ఏమిటని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. ఒక్క పూట, అదీ పిల్లవాడు ఆకలి మీదో నిద్ర మీదో ఉన్నప్పుడు చూసి రాసిన నివేదికను వేదవాక్కుగా పట్టుకోవడమూ సరికాదు. ఇంకోసారి చూడమని కోరవచ్చు. అభ్యంతరాలుంటే కాగితం మీద రాసి జడ్జీకి ఇవ్వవచ్చు. తుది తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. బిడ్డ ఫలానా వారి దగ్గర ఉండాలన్న ఉత్తర్వు కూడా రాతి మీద గీత కాదు. పరిస్థితులు మారితే మళ్లీ అడగవచ్చు.

బిడ్డ ఒకరి దగ్గర ఉన్నంత మాత్రాన రెండోవారికి ముఖం చూపించకూడదని కాదు. బిడ్డకు ఇద్దరి ప్రేమా హక్కేనని, చూడడానికి రాలేని వారికి వీడియో కాల్‌లోనైనా మాట్లాడే వీలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. బతుకుతెరువుకు గల్ఫు వెళ్లిన తండ్రులు, బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి అక్కడికి పనికి వెళ్లిన తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వారం వారం ఫలానా వేళ మాట్లాడించాలని ఉత్తర్వు అడగవచ్చు.

ఫ్యామిలీ కోర్టులో వకీలును పెట్టుకోవడం హక్కు కాదని 13వ సెక్షను చెబుతున్నా, ఆచరణలో అనుమతి ఇస్తూనే ఉన్నారు. వకీలుకు డబ్బు లేదని వెనకాడనక్కరలేదు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గాని, మండల న్యాయ సేవల కమిటీలో గాని తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పినా అక్కడివారు రాసుకుంటారు.

వాయిదా నాడు పిల్లవాడికి బడి పోతుంది. ముందురోజే మాస్టారికి చెప్పి ఉంచాలి. పిలుపు ఏ వేళకు వస్తుందో తెలియదు గనుక చద్దిమూటో, రెండు ఇడ్లీలో వెంట ఉండాలి. బస్సులో వాడిష్టం వచ్చిన కబుర్లు వాణ్ణి చెప్పనివ్వండి. తిరిగి వచ్చేటప్పుడు, లోపల ఏమడిగారు, నువ్వేం చెప్పావు అని వాణ్ణి అడగకండి.