కుటుంబ నియంత్రణమున పురుషుని పాలు

మన ఇండ్లలో రెండవ కాన్పు సాధారణముగా పుట్టింట జరుగును. బిడ్డ పుట్టి రెండు దినములైనను గడువకమునుపే ఆపరేషను మాట వచ్చును. అల్లునికి కబురు పోవును. ఆయన సరే యనును. ఆ ఆపరేషను ఆయనకే చేయవచ్చునను ఊహ మాత్రము అక్కడ నెవ్వరికిని తోచదు.

2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల వరకు గల వివాహితలలో నూటికి దాదాపు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. దేశము మొత్తముమీద భర్త చేయించుకొన్న దంపతులు వేయింటికి మూడు జంటలు. పూర్వ మిట్లు లేదు. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళము శిబిరమున ఒక్క నెలలో 60,000 మందికి పైగా పురుషులు ఈ చికిత్స పొందిరి. పిమ్మట అత్యవసర పరిస్థితి వచ్చినది. 1976-77లో 80 లక్షలకు మించి శస్త్రచికిత్సలు జరిగినవి. అందు పెక్కు పురుషులకే, పెక్కు చోట్ల బలవంతముగనే. ఆ భయము తండ్రులనుండి కొడుకులకు సంక్రమించినది. ప్రభుత్వములును అటుపిమ్మట స్త్రీలవైపే తిరిగినవి.

భయమున కింకొక కారణ మున్నది. నాగలి పట్టువాడు, మూట మోయువాడు బలము తగ్గునేమోయని శంకించును. చికిత్స యెట్టిదో చూతము. వృషణములలో పుట్టిన శుక్రకణములను పైకి చేర్చు సన్నని గొట్టములు రెండు కలవు. వాటిని వీర్యవాహిక లందురు. వేసెక్టమీలో ఆ రెంటిని కత్తిరించి మూసివేయుదురు. ఇంతకు మించి యేమియు లేదు. పురుషత్వమునకు మూలమైన హార్మోను ఈ గొట్టములగుండ పోవునది కాదు. నేరుగా రక్తములో కలియును. కనుక బలమునకును, దాంపత్య సుఖమునకును లోపము రాదు. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చ్యాంగ్ కత్తిగాటు లేకుండ చిన్న రంధ్రముతోనే దీనిని చేయు పద్ధతి కనిపెట్టెను. మన ఆసుపత్రులలో దానినే 'కోత, కుట్టు లేని ఆపరేషను' అందురు. మత్తు ఆ చోటికి మాత్రమే. ఆ దినమే ఇంటికి పోవచ్చును; కొన్ని దినములు బరువు లెత్తరాదు. స్త్రీకైనచో పొట్ట తెరువవలయును.

ఇక ముఖ్యమైన విషయము. గొట్టము మూసిన నాటికే పైభాగమున శుక్రకణములు కొన్ని మిగిలియుండును. అవి పోవుటకు సుమారు మూడు నెలలు పట్టును. అంతవరకు నిరోధ్ వంటి తొడుగు గాని, వేరొక సాధనము గాని వాడవలెను. ఇది తెలియకపోవుటవలన ఎన్ని కాపురములు చెడును! చికిత్స జరిగిన కొలది వారములకే భార్య గర్భవతి యగును. ఊరివారు ముక్కుపై వ్రేలు వేసికొందురు. భర్త ఆమెను అనుమానించును. దోష మామెది కాదు, ఆగవలసిన మూడు నెలలు ఆగకపోవుటది. గొట్టము తిరిగి అతుకుకొనుటయు అరుదుగా కలదు. అట్టిచో నింద కంటె ముందు జరుగవలసినది పరీక్ష.

మరల బిడ్డలు కావలెనని గొట్టము కలిపించుకొన్నను ఫలము నిశ్చయము కాదు గావున, సంతానము చాలునని ఇద్దరును కూర్చుండి నిర్ణయించుకొన్న పిమ్మటనే పోవలయును. మూడు నెలలు నిండిన తరువాత వీర్యపరీక్ష చేయించి, కణములు లేవని వైద్యుడు చెప్పిన పిదపనే తొడుగు మానవలెను. ఈ పరీక్షకు భర్తయే పోవలసియుండును. ఇందు భార్యను పంపుటకు వీలులేదు.