లింకిన్ పార్క్: గొంతు చించుకుని అరిచిన ఆ 38 నిమిషాలు.. ‘హైబ్రిడ్ థియరీ’ని ఫ్యాన్స్ ఇప్పటికీ ఎందుకు వదలట్లేదు?

గిటార్లు హోరెత్తిపోతుంటాయి. మధ్యలో ఒకతను నరాలు తెగిపోయేలా అరుస్తుంటాడు. ఫస్ట్ టైమ్ విన్నవాళ్లు ‘ఇదేం గోల?’ అని వాల్యూమ్ తగ్గించేస్తారు. కానీ అదే గోల వింటే మనసు తేలికవుతుందని చెప్పేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఎగ్జామ్ పోయిన రోజు, బ్రేకప్ అయిన రోజు, ఇంట్లో గొడవైన రోజు.. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇదే ఆల్బమ్ ఆన్ చేస్తారు. అదే లింకిన్ పార్క్ తొలి ఆల్బమ్ ‘హైబ్రిడ్ థియరీ’.

2000 అక్టోబర్ 24న రిలీజైంది. అంటే ఈ ఆర్టికల్ రాస్తున్న నాకూ, ఆ ఆల్బమ్‌కీ దాదాపు ఒకటే వయసు. క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి, ఐపాడ్‌లు కూడా పోయాయి. ఈ పాటలు మాత్రం పోలేదు. ఇందులోని ‘ఇన్ ది ఎండ్’ వీడియో యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ ఎప్పుడో దాటేసింది. మరి అంతలా ఏముంది ఇందులో?

అసలు ఏంటీ ఆల్బమ్?

మొత్తం 12 పాటలు. అన్నీ కలిపినా 38 నిమిషాలు దాటదు. ఈ బ్యాండ్‌ది అమెరికాలోని కాలిఫోర్నియా. మొదట్లో పేరు ‘జీరో’. తర్వాత ‘హైబ్రిడ్ థియరీ’ అని మార్చుకున్నారు. ఆ పేరుతోనూ ఇబ్బంది రావడంతో శాంటా మోనికాలోని లింకన్ పార్క్ పేరులో స్పెల్లింగ్ మార్చి ‘లింకిన్ పార్క్’ చేసుకున్నారు. వదులుకున్న పాత పేరునే ఆల్బమ్‌కి పెట్టారు.

హైబ్రిడ్ అనడంలో అర్థం ఉంది. హెవీ గిటార్లు, ర్యాప్, డీజే స్క్రాచింగ్, ఎలక్ట్రానిక్ సౌండ్స్.. అన్నీ కలిపేశారు. కవర్ మీద చేతిలో జెండా ఉన్న సైనికుడికి తూనీగ రెక్కలుంటాయి. అది గీసింది బ్యాండ్‌లో ర్యాప్ పాడే మైక్ షినోడా. అతను ఆర్ట్ కాలేజీలో చదువుకున్నవాడు. సైనికుడంటే గట్టిదనం, రెక్కలంటే సున్నితత్వం. ఆల్బమ్ లోపల ఉన్నది కూడా అదే.

ఈ పాటలు చాలా మ్యూజిక్ కంపెనీలకి మొదట్లో నచ్చలేదు. డజన్ల కొద్దీ ఆడిషన్ షోలు చేసినా ‘నో’ అనే అన్నారు. చివరికి సైన్ చేసుకున్న కంపెనీలో కూడా షినోడా ర్యాప్‌ని పక్కన పెట్టేయమని ఒత్తిడి వచ్చింది. బ్యాండ్ ఒప్పుకోలేదు. సీన్ కట్ చేస్తే.. 2001లో అమెరికాలో ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ ఇదే. తర్వాత కోటి యూనిట్లు దాటి డైమండ్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. 2002లో ‘క్రాలింగ్’ పాటకి బెస్ట్ హార్డ్ రాక్ పర్ఫార్మెన్స్ కేటగిరీలో గ్రామీ అవార్డు దక్కింది. విచిత్రం ఏంటంటే, ఇంత అమ్ముడైన ఆల్బమ్ బిల్‌బోర్డ్ చార్ట్‌లో రెండో ప్లేస్ దాకా వెళ్లింది కానీ నంబర్ వన్ ఎప్పుడూ కాలేదు.

కోపమే.. కానీ ఎవరి మీద?

అసలు విషయం ఇక్కడుంది. 90ల చివర్లో అమెరికాలో ‘న్యూ మెటల్’ హవా నడుస్తోంది. కోర్న్, లింప్ బిజ్కిట్ లాంటి బ్యాండ్లు దుమ్ము రేపుతున్నాయి. ఆ పాటల్లో చాలావాటిలో కోపం ఎదుటివాడి మీద. కొట్టేస్తా, పగలగొట్టేస్తా టైపు. బూతులు కూడా మామూలే.

‘హైబ్రిడ్ థియరీ’లో ఒక్క బూతు కూడా లేదు. కావాలంటే 12 పాటలూ వినండి. బూతుతో సరిపెట్టేయకుండా, లోపల అనిపిస్తున్నదాన్ని విడమరిచి చెప్పాలన్నది తమ ఆలోచన అని బ్యాండ్ అప్పట్లోనే చెప్పింది. అందుకే ఈ కోపం బయటికి కాదు, లోపలికి తిరుగుతుంది. నా మీద నాకే కంట్రోల్ లేదు, నా బుర్రే నా మాట వినట్లేదు, ఎంత ట్రై చేసినా ఏదీ మిగల్లేదు.. ఇవీ ఈ పాటల్లోని బాధలు. ‘పేపర్‌కట్’లో ఎవరో నిరంతరం గమనిస్తున్నారన్న అనుమానం. ‘బై మైసెల్ఫ్’లో ఒంటరితనం. ‘పాయింట్స్ ఆఫ్ అథారిటీ’లో పెత్తనం చేసేవాడి కింద నలిగిపోవడం.

ఇంకో సంగతి గమనించండి. ఈ పాటల్లో ఊరి పేరు ఉండదు, మనిషి పేరు ఉండదు, జరిగిన సంఘటన ఏంటో కూడా ఉండదు. ‘నువ్వు’ అని తిట్టే చోట ఆ నువ్వు ఎవరో చెప్పరు. తండ్రి కావచ్చు, లవర్ కావచ్చు, కాలేజీలో ఏడిపించే సీనియర్ కావచ్చు. వినేవాడు తనకి తెలిసిన మొహాన్ని అక్కడ పెట్టుకుంటాడు. లిరిక్స్ మరీ సాధారణంగా ఉన్నాయని కొందరు తీసిపారేశారు. నాకైతే ఆ సాధారణత్వమే ఈ ఆల్బమ్ బలం అనిపిస్తుంది. డిక్షనరీ అక్కర్లేని ఇంగ్లిష్ అది. తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడికి కూడా రెండోసారి వినేసరికి అర్థమైపోతుంది.

పాటల్లో రెండు గొంతులు ఉండటం కూడా కలిసొచ్చింది. షినోడా ర్యాప్‌లో జరిగింది లెక్కగా, కుదురుగా చెప్పుకుంటూ పోతాడు. కోరస్‌కి వచ్చేసరికి చెస్టర్ బెన్నింగ్టన్ బద్దలైపోతాడు. ఒకే మనిషి లోపల బుర్ర ఒకటి చెప్తుంటే గుండె ఇంకోటి అరుస్తున్నట్టు ఉంటుంది. చెస్టర్ అరుపులోనూ శృతి ఉంటుంది. ఉత్త కేక కాదది, అరుస్తూనే రాగంలో ఉంటాడు. అందుకే చెవికి గుచ్చుకోదు, లోపలికి దిగుతుంది.

మన దగ్గర శోకాలు పెట్టి ఏడవడం తెలుసు కదా. చావు ఇంట్లో గుండెలు బాదుకుంటూ, పోయినవాళ్లతో మాట్లాడుతూ, రాగం తీసి ఏడుస్తారు. ఏడ్చినవాళ్లని ఎవరూ తప్పు పట్టరు. కానీ అది దాదాపు ఆడవాళ్లకే వదిలేసిన పని. మగాడు మాత్రం పంటి బిగువున ఆపుకోవాలి. సినిమాల్లో కూడా ‘దేవదాసు’ కాలం నుంచి మగాడి బాధ అంటే మందు గ్లాసు, నెమ్మదిగా సాగే పాట. ఈ ఆల్బమ్ చేసిందేంటంటే, 20 ఏళ్ల కుర్రాడు గట్టిగా శోకం పెట్టినా ఎవరూ నవ్వకుండా ఉండే చోటు ఇచ్చింది. పైకి చూస్తే హెడ్‌బ్యాంగింగ్.. లోపల ఏడుపు.

ఆ గొంతు వెనక కథ

చెస్టర్ పుట్టింది 1976 మార్చి 20న, అరిజోనాలోని ఫీనిక్స్‌లో. 11 ఏళ్లప్పుడు అమ్మానాన్న విడిపోయారు. ఏడెనిమిదేళ్ల వయసు నుంచి 13 ఏళ్లు వచ్చేదాకా, తనకంటే పెద్దవాడైన ఒక ఫ్రెండ్ చేతిలో లైంగిక వేధింపులకి గురయ్యాడు. చెబితే అబద్ధమంటారేమో, తనని వేరేగా చూస్తారేమో అన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. టీనేజ్‌లోనే డ్రగ్స్, మద్యం అలవాటయ్యాయి. ఇవన్నీ తర్వాత ఇంటర్వ్యూల్లో అతనే బయటపెట్టాడు.

1999లో ఈ బ్యాండ్‌కి సింగర్ కావాలని తెలిసింది. డెమో టేప్ అతని దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా తన 23వ పుట్టినరోజు. పార్టీ జరుగుతుంటే వదిలేసి వెళ్లి పాట రికార్డ్ చేసి పంపాడు. అంతే, సెలెక్ట్.

రికార్డింగ్‌లో ఇంకో కథ. ప్రొడ్యూసర్ డాన్ గిల్మోర్ ‘రనవే’ పాట లిరిక్స్‌ని మళ్లీ మళ్లీ తిరగరాయించాడట. చెస్టర్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఆ విసుగులోంచి పుట్టిందే ‘వన్ స్టెప్ క్లోజర్’. ఆ పాట మధ్యలో వచ్చే ఫేమస్ అరుపు నిజానికి ఆ ప్రొడ్యూసర్‌నే ఉద్దేశించిందని ఫ్యాన్స్ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ‘ఇన్ ది ఎండ్’ సంగతి ఇంకా విచిత్రం. ఆ పాట మొదట్లో తనకి పెద్దగా నచ్చలేదని చెస్టరే ఒప్పుకున్నాడు. అదే బిల్‌బోర్డ్ హాట్ 100లో రెండో ప్లేస్‌కి వెళ్లింది!

‘క్రాలింగ్’ గురించి మాత్రం అతను సీరియస్‌గా మాట్లాడేవాడు. డ్రగ్స్, మద్యం విషయంలో తన మీద తనకే పట్టు లేకపోవడమే ఆ పాట అన్నాడు. అందులో ‘నువ్వు’ అనే మాట ఎక్కడా వాడలేదని, తన పరిస్థితికి తనే కారణమని ఒప్పుకోవడమే ఆ పాట అని వివరించాడు. స్టేజ్ మీద తనని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన పాట కూడా అదేనట. ప్రతి షోలో, వేలమంది ముందు, తన బలహీనతని తనే గట్టిగా పాడాలి. ఎంత కష్టమో ఆలోచించండి.

మన హాస్టల్ రూముల దాకా..

2000ల్లో ఇంజినీరింగ్ చదివిన అన్నయ్యల్ని అడిగి చూడండి. హాస్టల్‌లో ఒక కంప్యూటర్, అందులో విన్‌యాంప్, పక్క రూమ్ నుంచి కాపీ చేసుకున్న ఎంపీ3 ఫోల్డర్. అందులో ఇళయరాజా, రెహమాన్, పక్కనే లింకిన్ పార్క్. ఇంగ్లిష్ పాటలంటే దూరంగా ఉండేవాళ్లకి కూడా చాలాసార్లు ఇదే మొదటి రాక్ బ్యాండ్. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా నోరు మూసుకుని చదివి, ర్యాంకుల లెక్కల్లో నలిగి వచ్చిన పిల్లలకి, ఎంత కష్టపడినా చివరికి ఏమీ మిగల్లేదు అనే పాట ఎందుకు కనెక్ట్ అయిందో వేరే చెప్పాలా?

2017 జూలై 20.. అప్పట్నుంచి ఈ పాటలు వేరేగా వినిపిస్తున్నాయి

2017 మే 18న సౌండ్‌గార్డెన్ సింగర్ క్రిస్ కార్నెల్ ఆత్మహత్య చేసుకున్నాడు. చెస్టర్‌కి అతను ప్రాణ స్నేహితుడు. అంత్యక్రియల్లో చెస్టరే పాట పాడాడు. రెండు నెలల తర్వాత జూలై 20న, సరిగ్గా కార్నెల్ పుట్టినరోజు నాడే, చెస్టర్ కూడా అదే విధంగా ప్రాణాలు తీసుకున్నాడు. వయసు 41.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఒక ఇంటర్వ్యూలో, తన తల లోపల ఉన్నది మంచి పేట కాదని, అక్కడ తను ఒంటరిగా ఉండకూడదని అన్నాడు. అప్పుడు ఎంతమందికి అర్థమై ఉంటుంది? ఆ సెప్టెంబర్‌లో భార్య టలిండా ఒక వీడియో షేర్ చేసింది. చనిపోవడానికి 36 గంటల ముందు తీసింది. అందులో చెస్టర్ కుటుంబంతో కూర్చుని పడీపడీ నవ్వుతుంటాడు. డిప్రెషన్‌కి ఒక మొహం ఉండదని చెప్పడానికే ఆమె దాన్ని బయటపెట్టింది. చెస్టర్ పుట్టినతేదీ గుర్తుగా ‘320 చేంజెస్ డైరెక్షన్’ అనే మానసిక ఆరోగ్య కార్యక్రమం కూడా మొదలుపెట్టింది.

ఇక్కడే ఫ్యాన్స్‌కి జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఉంది. ‘ఈ పాటలే నన్ను బతికించాయి’ అని చెప్పేవాళ్లు ఎంతోమంది. మరి పాడినవాడిని ఎందుకు బతికించలేకపోయాయి? పాట చేసే పని వేరు, ట్రీట్‌మెంట్ చేసే పని వేరు అన్నదే నాకు తోచిన సమాధానం. నీలాంటివాడు ఇంకొకడు ఉన్నాడని పాట చెప్తుంది. ఆ రాత్రి గడవడానికి అది చాలేమో. కానీ పక్కన కూర్చుని ‘ఏమైంది?’ అని అడగడం దాని వల్ల కాదు. ఇది చదువుతున్న మీకో, మీ ఫ్రెండ్‌కో అలాంటి ఆలోచనలు వస్తుంటే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి కాల్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సర్వీస్ ఇది. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చెస్టర్ లేడని తెలిసిన రోజుల్లో ప్రపంచంలోని ఎన్నో నగరాల్లో ఫ్యాన్స్ పార్కుల్లో, రోడ్ల మీద గుమిగూడి పాటలు పాడారు. 2017 అక్టోబర్ 27న లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్‌లో బ్యాండ్ సంస్మరణ షో చేసింది. రెండో ఆల్బమ్‌లోని ‘నమ్’ పాట వచ్చినప్పుడు మైక్ దగ్గర ఎవరూ నిలబడలేదు. మైక్ స్టాండ్‌కి పూలు, దాని మీద లైటు. చెస్టర్ పాడాల్సిన భాగం మొత్తం జనమే పాడారు. ఆ వీడియో చూడకపోతే ఒకసారి చూడండి. కళ్లు తడవకపోతే అడగండి.

కొత్త గొంతు.. పాత గొడవ

ఏడేళ్ల గ్యాప్ తర్వాత 2024 సెప్టెంబర్‌లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ కొత్త సింగర్‌గా వచ్చింది. అదే ఏడాది నవంబర్ 15న ‘ఫ్రమ్ జీరో’ రిలీజైంది. ఆ టైటిల్‌లో బ్యాండ్ మొట్టమొదటి పేరు ఉంది, గమనించారా? ఫ్యాన్స్ రెండుగా చీలిపోయారు. చెస్టర్ పాటల్ని వేరేవాళ్లు పాడితే వినలేం అని కొందరు. పాటలు లైవ్‌లో బతికుంటే చాలు అని ఇంకొందరు. ఇద్దరి బాధా ఒకటే కాబట్టి ఈ గొడవ ఇప్పట్లో తేలేది కాదు.

ఫస్ట్ టైమ్ వినేవాళ్లకి

‘ఇన్ ది ఎండ్’ ఎలాగూ రీల్స్‌లో వినే ఉంటారు. దాన్ని పక్కన పెట్టి ‘పేపర్‌కట్’ నుంచి మొదలుపెట్టండి. ఆల్బమ్‌లో మొదటి పాట అదే, కాబట్టి షఫుల్ ఆఫ్ చేసి వరుసలో వినడం బెటర్. ‘ఎ ప్లేస్ ఫర్ మై హెడ్’లో మెల్లగా మొదలై ఎలా పేలుతుందో వినండి. పదకొండోది ‘క్యూర్ ఫర్ ది ఇచ్’లో పాడటమే ఉండదు, డీజే జో హాన్ చేతి పని అంతా. అరుపులు పడనివాళ్లు ‘పుషింగ్ మీ అవే’ ట్రై చేయొచ్చు.

అన్నీ అయ్యాక ‘వన్ మోర్ లైట్ లైవ్’ ఆల్బమ్‌లో ఉన్న ‘క్రాలింగ్’ వెర్షన్ వెతకండి. 2017 టూర్‌లో, చెస్టర్ చివరి నెలల్లో పాడింది. గిటార్లు లేవు, డ్రమ్స్ లేవు, అరుపు లేదు. పియానో, అతని గొంతు మాత్రమే. 17 ఏళ్ల పాటు ఆ హోరు కింద ఏముందో అందులో వినిపిస్తుంది.