పొట్ట చేతబట్టుకొని

పటాన్‌చెరునకు పూర్వనామము పొట్టలకెఱె. కల్యాణ చాళుక్య ప్రభువు రెండవ జయసింహుడు పదునొకండవ శతాబ్ది పూర్వార్ధమున అచట విడిది చేసి రాజ్యమేలినట్లు శాసనములు చెప్పుచున్నవి. ఆ పేరులోని పొట్టకును మనుష్యుల పొట్టకును ముడివెట్టుట నా ఉద్దేశము కాదు. కాని గడచిన అరువది యేండ్లుగా ఆ ఊరి చాయలకు వచ్చి చేరినవారిలో పెక్కుమంది పొట్ట చేతబట్టుకొని వచ్చినవారే. రామచంద్రాపురమున భెల్ కర్మాగారము వెలసినది. పిదప పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు లేచినవి. మెదకు జిల్లా పల్లెలనుండియు, శ్రీకాకుళమునుండియు, ఒడిశా బీహారులనుండియు జనము వచ్చి, ఇరుకు గదులలో కాపురములు పెట్టి, మూడు షిఫ్టుల బ్రతుకునకు అలవాటు పడిరి. 2016లో ఈ ప్రాంతము సంగారెడ్డి జిల్లా అయినది. ఆకలి తీర్చుకొనుటకు జనము వచ్చిన ఈ నేల మీదనే, ఆకలిని కత్తితో కోయించుకొనిన ఒక మనుష్యుని సంగతి నేడు వ్రాయుచున్నాను.

అతడు నా పూర్వ విద్యార్థి. పేరు చెప్పను. పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారములో ఆపరేటరు. బడిలో నున్ననాడే స్థూలకాయుడు, వెనుక బల్లవాడు. ఉపాధ్యాయులమైన మనకు ఒక దురభ్యాసము కలదు. పాఠము రానివానిని చూచినప్పుడు "పొట్ట కోసినా అక్షరం ముక్క రాదు" అని యనివేయుదుము. వానిని నేనును అట్లే అంటిని. తరగతి యంతయు నవ్వినది. ఆ నవ్వు అక్షరమునకా, పొట్టకా యన్న అనుమానము నాకు నాడు తట్టలేదు. మొన్నటి వేసవి సెలవులలో అతడు మా ఇంటికి వచ్చి, ఆసుపత్రి కాగితముల కట్ట నా ముందుంచి, నవ్వుచు ఇట్లన్నాడు: "సారూ, మీరన్నట్టే పొట్ట కోయించుకున్న. అక్షరం ముక్కలు గూడ మస్తుగ వచ్చినయ్, సూడుండ్రి. ఒక్కటి సుత అర్థమైత లేదు."

కాగితముల సారాంశ మిది. 2019లో అతని బరువు 128 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. కిలోల బరువును మీటర్ల ఎత్తు యొక్క వర్గముతో భాగించగా వచ్చు అంకెను వైద్యులు బి.ఎం.ఐ. అందురు, లెక్కల మాష్టార్లు వేసి చూచినచో అది 44 దాటును. దానికి తోడు మధుమేహము, రక్తపుపోటు, నిద్రలో ఊపిరి ఆగిపోవుట. నగరమున ఒక ఆసుపత్రిలో కడుపునకు శస్త్రచికిత్స జరిగినది. ఏడాదిన్నరలో బరువు 84 కిలోలకు దిగినది. మధుమేహపు మాత్రలు మాన్పించిరి. నేడు బరువు 107. ఆ మాత్రలును మరల వచ్చినవి. రాత్రి పండుకొనగానే గొంతు వరకు మంట. రెండు తలగడలు ఎత్తు పెట్టుకొనినగాని కునుకు పట్టదు. "మల్ల ఇంకో ఆపరేషన్ చేయించుకో అంటున్నరు సారూ. చేయించుకోవాల్నా, వద్దా?" అని అతని ప్రశ్న. నేను వైద్యుడను కాను. కాని ఒకప్పుడు ఆ పొట్టను గూర్చియే తొందరపడి మాటాడినవాడను. ఈసారి చదివి, అడిగి, తెలిసికొని మాటాడవలెనని నిశ్చయించుకొంటిని.

ఈ చికిత్సకు చరిత్ర యున్నది. కడుపు పుండ్లకై జీర్ణాశయములో కొంత భాగము తీసివేయబడిన రోగులు తరువాత లావెక్కలేకపోవుటను అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు గమనించెను. 1966లో ఆయన ఒక స్థూలకాయరోగి జీర్ణాశయమును రెండుగా విభజించి, పైనున్న చిన్న భాగమునకు ప్రేగును తెచ్చి కుట్టెను. నేటి బైపాసు ఆపరేషను దాని సంతతియే. మా వానికి జరిగినది వేరొకటి. దానిని స్లీవు అందురు. సంచి వంటి జీర్ణాశయమును నిలువున కోసి, నాలుగింట మూడు వంతులు తీసివేసి, అరటికాయ వంటి గొట్టమును మాత్రము మిగుల్తురు. తీసిన భాగము మరల అతుకునది కాదు. ఆ భాగమునందే గ్రెలిన్ అను ఆకలి పుట్టించు రసాయనము అధికముగా తయారగును. 1999లో జపాను శాస్త్రజ్ఞులు దానిని కనుగొనిరి. కావుననే ఆపరేషను పిదప కొంతకాలము ఆకలియే మందగించును. చర్మము క్రింది క్రొవ్వును పీల్చివేయు లైపోసక్షనునకును దీనికిని సంబంధము లేదు. మన ఊళ్ళలో రెంటిని ఒకటే యనుకొందురు. నితిన్ గడ్కరీ 2011లోను, నాటి కేంద్రమంత్రి అరుణ్ జైట్లీ 2014లోను ఇట్టి చికిత్స చేయించుకొనినప్పుడు పత్రికలన్నియు వ్రాసినవి. పిదప మధ్యతరగతివారును ఆ దారి పట్టిరి.

"మొదలు రెండేండ్లు ఆకలి ఏడ వోయిందో ఎరుకలేదు సారూ" అన్నాడు మా వాడు. మొదటి వారములలో ద్రవములు. పిదప మెత్తని పదార్థములు. ఆ పిదప చెంచాతో కొలిచినట్లు అన్నము. అన్నముతో నీరు త్రాగరాదు. నమలక మ్రింగరాదు. పప్పు, గ్రుడ్డు, పెరుగు ముందు, అన్నము తరువాత. క్యాంటీనులో వడ్డించువాడు, రెండు ముద్దలకే చేయి కడుగుకొను ఇతనిని చూచి కూర బాగులేదా యని నొచ్చుకొనెడివాడట. పెండ్లిండ్లలో మరింత చిక్కు. విస్తరిలో అన్నము వదలుట మన యొద్ద పిలిచినవారికి అవమానము. వారు బ్రతిమాలుదురు, మొగమాటమునకు మరియొక ముద్ద తిన్నచో పెరటిలోనికి పరుగెత్తి వాంతి. జుట్టు రాలినది. పొట్ట మీది చర్మము ఖాళీ గోనెసంచివలె వ్రేలాడినది. బరువు తగ్గినవానిని లోకము మెచ్చుకొనునని మనము భావింతుము, ఇతనిని చూచినవారు "ఏం రోగమొచ్చెరా?" అని అడిగిరి. ఐనను, బడి మైదానమున కూతురితో పందెము వేసి పరుగెత్తితినని చెప్పునప్పుడు అతని ముఖము చూడవలసినది. బడిలో చదివినన్నాళ్ళును ఆ పిల్లవాడు పరుగెత్తగా నేను చూడలేదు.

ఈ జీవితములో జనులు మరచునది మాత్రలు. జీర్ణాశయము తిండి గిడ్డంగి మాత్రమే కాదు. బి12 విటమిను ప్రేగులలో ఇంకుటకు కావలసిన ఒక పదార్థము అచటనే పుట్టును. అది తగ్గినచో రక్తహీనత, కాళ్ళ తిమ్మిరి వచ్చును. బైపాసులోనైతే ఇనుము, కాల్షియము ఎక్కువగా ఇంకు చోటును తప్పించి ఆహారము ముందునకు పోవును. వాంతులు ఎడతెగక సాగినచో థయమిను తరిగిపోయి బెరిబెరియే రావచ్చును. బెరిబెరి! విద్యార్థులు పాఠ్యపుస్తకమున చదివి, పరీక్షలో వ్రాసి, మరునాడు మరచు పేరు. ఒకనాడు ఉత్తర సర్కారులలో, తవుడు పోయిన తెల్లబియ్యము తిను మన తెలుగువారి కాళ్ళను చచ్చుబడజేసిన వ్యాధి. నేడు తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టినదే ఆ వ్యాధి కొరకు: 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ఒకే గదిలో బెరిబెరి విచారణ కేంద్రముగా దానిని ఆరంభించెను, 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణమున పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీ పురుషులలో నూటికి ముప్పదిమందికి పైగా అధిక బరువువారని తేలినది. తిండి చాలనివాని రోగము, బరువు పెరిగినవాని దేహములోనికి కత్తి వేసిన దారిన మరల చొరబడుట విచిత్రము కాదా! మా వాడు మూడవ యేట మాత్రలు మానినాడు. "మంచిగనే ఉన్న గదా" అని సమాధానము. రక్తపరీక్షలో బి12, ఇనుము రెండును తక్కువ.

ఇక బరువు ఎందుకు తిరిగి వచ్చెను? ఇరుగుపొరుగువారి నడిగినచో "నోరు కట్టుకోలేదు" అని వెంటనే చెప్పుదురు. స్వీడను దేశమున 1987లో మొదలిడిన ఒక పరిశోధనలో శస్త్రచికిత్స పొందిన రెండువేల మందిని, పొందని అంతమందిని దీర్ఘకాలము గమనించిరి. స్లీవు నాటికి లేదు; అప్పటి పద్ధతులు వేరు. అందరి బరువును ఒకటి రెండేండ్లలో అడుగునకు దిగి, ఆపై మెల్లగా కొంత పెరిగి, పదేండ్లకు నిలుకడ చెందినది. పదేండ్లకు బైపాసువారికి తొలి బరువులో సగటున 25 శాతము తగ్గుదల మిగిలినది. చికిత్స పొందినవారిలో మరణములును తగ్గినవి. అనగా కొంత తిరిగివచ్చుట నియమమే గాని నేరము కాదు. పోయిన బరువును శరీరము నష్టముగా నెంచి, ఆకలిని పెంచి, వ్యయమును తగ్గించి, మరల కూడబెట్టజూచును.

మా వాని విషయమున ఇంకొక కారణమును కలదు. అది రాత్రి షిఫ్టు. జొన్నరొట్టె, పప్పు ఆ సన్నని గొట్టములో నిలిచి కడుపు నింపును. చాయలో నానిన ఉస్మానియా బిస్కటు నిలువదు, జారిపోవును. రెండు ముద్దలకు మించి అన్నము తినలేని మనిషి ఒక్క రాత్రిలో ఆరు చాయలు, ఒక పొట్లము బిస్కట్లు తినగలడు. కడుపు నిండినట్లే యుండదు. పగలు రేకుల గదిలో అరకొర నిద్ర. చాయ మానరాదా యంటిని. "చాయ బందు పెడితె నిద్రొస్తది సారూ. మిషిన్ కాడ నిద్రొస్తె చెయ్యి పోతది" అన్నాడు. ఆసుపత్రివా రిచ్చిన ఆహారపట్టికలో ఉదయము ఎనిమిదింటికి ఏమి, మధ్యాహ్నము ఒంటిగంటకు ఏమి యని అచ్చు వేసి యున్నది. రాత్రి పదింటికి పనికి పోయి ఉదయము ఆరింటికి వచ్చువాడు ఏమి తినవలెనో అందులో లేదు. నాకు మిక్కిలి కోపము కలిగించిన కాగిత మది.

రెండవ ఆపరేషను మాటకు వత్తము. బరువు పెరిగినదనుట వేరు, మొదటి ఆపరేషను చెడినదనుట వేరు. గొట్టము సాగినదా, ఆదిలోనే వెడల్పుగా విడిచిరా యన్నది ఎండోస్కోపీ, బేరియము ఎక్స్‌రేలు చెప్పవలెను. థైరాయిడు ఎట్లున్నది, ఇన్సులిను స్టెరాయిడుల వంటి బరువు పెంచు మందులు వాడుచున్నాడా, నిద్ర ఎంత, మనస్సులో దిగులున్నదా యన్నవి విచారింపవలెను. మంటది వేరు లెక్క. ఫిన్లాండులో 240 మందికి స్లీవో బైపాసో చీట్లు వేసినట్లు పంచి చేసి, పదేండ్ల పిదప ఫలితములను 2022లో ప్రకటించిరి. అన్నవాహిక ఒరసిపోయినవారు స్లీవులో నూటికి 31 మంది, బైపాసులో 7 మంది. కావున ఆమ్లము ఎగదన్ని అన్నవాహిక పుండుపడుచు, మందులకు లొంగనప్పుడు, స్లీవును బైపాసుగా మార్చుటకు బలమైన కారణమున్నది. కేవలము కాటా మీది అంకెకై మరల కోయించుకొనుట అంత నిశ్చయమైన బేరము కాదు. ఒకమారు కోసి కుట్టిన చోట మచ్చలు, అతుకులు ఉండును; కుట్టు కారుట, రక్తస్రావము వంటి ప్రమాదములు మొదటిదానికంటె హెచ్చు; తగ్గు బరువు సాధారణముగా మొదటిసారి యంత యుండదు. బైపాసు పిదప కొన్ని నొప్పిమాత్రలు మ్రింగినచో కుట్టుచోట పుండు పడును. మద్యము త్వరగా తలకెక్కును. సాయంకాలము కల్లుదుకాణము, ఒళ్ళునొప్పులకు మందులషాపు బిళ్ళ — ఈ రెండును మామూలైన ఈ వాడలో ఇవి చిన్న మాటలు కావు.

2025లో మన దేశమున టిర్జెపటైడు, సెమాగ్లూటైడు ఇంజక్షన్లు బరువు తగ్గించుటకై విపణిలోనికి వచ్చినవి. ఆపరేషను పిదప తిరిగివచ్చిన బరువునకును వైద్యులు వీనిని వాడుచున్నారు. మానినచో బరువు మరల పెరుగును. బీమా సంగతియు చూచితిని. 2019 నాటి బీమా నియంత్రణ సంస్థ నియమముల ప్రకారము, బి.ఎం.ఐ. 40 గాని, లేక 35తో పాటు అదుపులేని మధుమేహము వంటి తీవ్రవ్యాధి గాని ఉండి, ఇతర మార్గములు విఫలమైనచో ఈ చికిత్సకు సొమ్ము ఇయ్యవచ్చును. మా వాని అంకె 37. కాగితము మీద అర్హత దొరకవచ్చును. అర్హత యున్నదని కోయించుకొనువారు కలరు. అదియే నా భయము.

జూను మాసమున అతనితో కలిసి పటాన్‌చెరులో బస్సెక్కి నగరమునకు పోయితిని. ఈసారి వేరొక వైద్యురాలిని చూచితిమి. ఎండోస్కోపీలో గొట్టము పెద్దగా సాగలేదని తెలిసినది. అన్నవాహిక క్రింది కొసన మాత్రము ఒరపులు కనబడినవి. ఆరునెలలు ఆమ్లము తగ్గించు మందు, బి12 సూదులు, ఇనుము. చక్కెర లేని చాయ. ఆపై మరల ఎండోస్కోపీ. అప్పటికిని మానకున్నచో బైపాసు సంగతి మాటాడుదమని ఆమె చెప్పినది. చివరకు, "రాత్రి డ్యూటీ మార్పించుకోగలవా నాయనా?" అని అడిగినది. అతడు నా వంక చూచినాడు. దానికి మా యిరువురి యొద్దను సమాధానము లేదు.

తిరుగుబస్సులో, షిఫ్టు మార్పునకు యాజమాన్యమునకు అర్జీ వ్రాసిపెట్టుమని నన్ను కోరినాడు. నీవే వ్రాయుమంటిని. సంచిలోని కాగితము తీసి, ఆసుపత్రి కట్టను ఒడిలో బల్లగా పెట్టుకొని, రామచంద్రాపురము దాటులోపల వ్రాసి నాకు చూపించినాడు. తొమ్మిది వాక్యములు. ఒక చోట వత్తు తప్పినది. నేను దిద్దలేదు. రాత్రి భత్యము పోవునని భార్యకు బెంగగా నున్నదట. యాజమాన్యమునుండి జవాబు ఇంకను రాలేదు. ఎండోస్కోపీ సంక్రాంతి పిమ్మట.