మూసుకుపోయిన ఈ-మెయిల్ ఖాతాను తిరిగి పొందడం ఎలా?

ఈ రోజుల్లో రక్తపరీక్షల ఫలితాలు, స్కానింగ్ రిపోర్టులు, బీమా పత్రాలు చాలావరకు ఈ-మెయిల్‌కే వస్తున్నాయి. అటువంటి ఖాతా ఒకనాడు తెరుచుకోకపోతే కంగారు పడడం సహజమే. చాలామంది వాడే జీమెయిల్‌ను ఉదాహరణగా తీసుకుని, అప్పుడు ఏం చేయాలో వివరిస్తున్నాం.

ముందుగా ఒక మాట. రిపోర్టు చేతికి రాలేదని బి.పి., షుగరు మందులు ఆపవద్దు. మోతాదు మీ అంతట మీరు మార్చుకోవద్దు. పరీక్ష చేసిన ల్యాబులో బిల్లు చూపి, రిపోర్టు కాపీ అడగండి.

ఎందుకు తెరుచుకోదు?

పాస్‌వర్డు మరచిపోవడం మొదటి కారణం. కోడు వచ్చే ఫోన్ నంబరు మారిపోవడం రెండవది. రీచార్జి లేక రద్దయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీ వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ కోడు వారికి పోతుంది. మూడవది, మోసగాళ్ళు పాస్‌వర్డు తెలుసుకుని మార్చివేయడం. ఇవిగాక, 2 సంవత్సరాలు వాడకుండా వదిలేసిన ఖాతాలను 2023 డిసెంబరు నుండి గూగుల్ తొలగిస్తోంది.

ఏం చేయాలి?

ఖాతా మీదేనని గూగుల్ తేల్చుకునేది మీరు ముందే నమోదు చేసిన వివరాలను బట్టి, మీరు వాడే ఫోన్‌ను బట్టి. అందువల్ల:

1. రోజూ మెయిల్ చూసే ఫోన్ నుండే, ఎప్పుడూ వాడే చోటి నుండే ప్రయత్నించండి.

2. 'పాస్‌వర్డు మరచిపోయారా?' అన్నచోట నొక్కి, గుర్తున్న చివరి పాస్‌వర్డు ఇవ్వండి. పాతదైనా పనికివస్తుంది.

3. సిమ్ పోయినట్లయితే గుర్తింపు కార్డు చూపి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోండి. దానికి మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, ఓపిక పట్టండి.

4. మోసగాడు ఫోన్ నంబరు మార్చినా, 7 రోజుల లోపు పాత నంబరుకే కోడు తెప్పించుకునే అవకాశం ఉండవచ్చు. ఆలస్యం చేయకండి.

5. తప్పు వివరాలు పదేపదే ఇస్తే గూగుల్ కొంతసేపు మిమ్మల్ని ఆపుతుంది. కాసేపు ఆగి, మళ్ళీ నింపాదిగా ప్రయత్నించండి.

వివరాలేవీ సరిపోకపోతే ఖాతా తిరిగి రాకపోవచ్చు. అప్పుడు కొత్త ఖాతా తెరచి ఆసుపత్రికి, బ్యాంకుకు, బీమా కంపెనీకి వెంటనే తెలియజేయండి.

మోసపోకండి

డబ్బిస్తే ఖాతా తెరిపిస్తామనేవారిని నమ్మవద్దు. అటువంటి వారెవరితోనూ గూగుల్‌కు సంబంధం లేదు. ఫోన్‌కు వచ్చిన కోడును ఎవరికీ చెప్పకండి. డబ్బు పోయినట్లయితే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఖాతా తెరుచుకున్న తరువాత

పాస్‌వర్డు మార్చండి. మీకు తెలియని ఫోన్లేవైనా ఖాతాలో కనిపిస్తే తొలగించండి. మీ ఉత్తరాలు మరో చిరునామాకు పోయేలా ఎవరైనా ఏర్పాటు చేశారేమో చూడండి.

చికిత్స కంటే నివారణ మేలు. ఖాతా తెరిచి ఉన్నప్పుడే ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు, నమ్మకమైన కుటుంబ సభ్యుని మెయిల్ అందులో నమోదు చేయండి. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడులను కాగితంపై రాసి, ఆసుపత్రి ఫైలులో కాక, ఇంటి పత్రాలతో బీరువాలో దాచండి. ఒక్కో కోడు ఒకేసారి పనిచేస్తుంది. ముఖ్యమైన రిపోర్టులను మాత్రం ప్రింటు తీయించి ఫైలులో పెట్టుకోండి. డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు ఆ ఫైలు వెంట తెచ్చుకోవడం మరువకండి.