బ్రేకులో గాలి... తీసేద్దామా!

కాలు పెట్టగానే గట్టిగా తగలాల్సిన బ్రేక్ పెడల్ స్పాంజిలా మెత్తగా లోపలికి దిగిపోతోందా? రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గానీ కారు ఆగడం లేదా? అయితే బ్రేకు గొట్టాల్లో గాలి చేరిందేమో చూసుకోవాల్సిందే. మెకానిక్‌ల భాషలో 'ఎయిర్ పట్టింది'. దాన్ని బయటికి పంపడమే బ్లీడింగ్. కాస్త ఓపిక, తోడుగా మరో మనిషి ఉంటే చాలా కార్లకు ఇంటిముందే చేసుకోవచ్చు. అయితే గాలి తీయడం కన్నా ముఖ్యం... అది ఎలా వచ్చిందో తెలుసుకోవడం!

గాలితో గొడవేంటి?

పెడల్‌ని తొక్కితే ఆ ఒత్తిడి మాస్టర్ సిలిండర్ నుంచి గొట్టాల్లోని బ్రేక్ ఆయిల్ ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. ఆయిల్‌ని ఎంత నొక్కినా దాదాపుగా కుంచించుకోదు. గాలి అలా కాదు. మన కాలి బలం బుడగల్ని నొక్కడానికే ఖర్చయిపోతుంది. చక్రం దాకా వెళ్లేది తక్కువే!

రిపేరు కోసం గొట్టాలు విప్పినా, డబ్బాలో ఆయిల్ బాగా తగ్గినా, ఎక్కడైనా లీకున్నా గాలి చేరుతుంది. ఇంకో సంగతి... బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక అది 155 డిగ్రీలకు పడిపోవచ్చు. తిరుమల ఘాట్ దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టే ప్రమాదం ఉంది. చల్లారాక పెడల్ మామూలుగా అయిపోయినా ఆయిల్ మార్చాల్సిందే.

ఇలా చేయాలి

ఇంజిన్ ఆపి, చదునైన చోట చక్రాలకు అడ్డుపెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు కూడా వేయాలి. మాన్యువల్‌లో చెప్పిన రకం కొత్త ఆయిల్, నిపుల్‌కి సరిపోయే స్పానర్, సన్నటి పారదర్శకమైన గొట్టం, సీసా ఉండాలి. సీసాలో కొంచెం ఆయిల్ పోసి గొట్టం కొస అందులో మునిగేలా పెట్టాలి. చాలా కార్లలో మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో, అంటే మన దగ్గర ఎడమవైపు వెనక చక్రంతో మొదలుపెడతారు. కొన్నింటికి ఈ వరస వేరు. మాన్యువల్ చూసుకోవాలి.

లోపల కూర్చున్నవారు పెడల్‌ని నెమ్మదిగా మూడు నాలుగుసార్లు తొక్కి అలాగే పట్టి ఉంచాలి. అప్పుడు నిపుల్‌ని పావు చుట్టు వదులు చేస్తే ఆయిల్‌తోపాటు బుడగలు వస్తాయి. పెడల్ కిందికి దిగిపోతుంది. నిపుల్ బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికే! బుడగలు ఆగేదాకా ఇదే పని. మధ్యమధ్య డబ్బాలో ఆయిల్ పోస్తుండాలి. అది ఖాళీ అయితే కథ మళ్లీ మొదటికే.

ఇవి మరవొద్దు

* ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. పడితే వెంటనే నీళ్లతో కడగాలి.
* సీసాలో పట్టిన ఆయిల్‌ని తిరిగి వాడొద్దు.
* ఇంజిన్ ఆయిల్ పొరపాటున కూడా పోయొద్దు. రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.
* మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ యూనిట్‌లోకి గాలి చేరితే కొన్ని కార్లకు స్కానర్ కావాలి. అది వర్క్‌షాప్ పని.

చివరి పరీక్ష

ఇంజిన్ ఆపి ఉండగా పెడల్ గట్టిగా తగలాలి. స్టార్ట్ చేయగానే కాస్త దిగడం మామూలే. కానీ తొక్కి పట్టుకుంటే మెల్లగా నేలదాకా జారిపోతుంటే ఎక్కడో లీకుంది, లేదా మాస్టర్ సిలిండర్ పాడైంది. గాలి తీసిన కొద్దిరోజులకే పెడల్ మళ్లీ మెత్తబడినా అనుమానించాల్సింది లీకునే. అలాంటప్పుడు మరోసారి గాలి తీసి సరిపెట్టుకోవద్దు. ఆ కారుని మెల్లగానైనా నడుపుకుంటూ వెళ్లొద్దు... మెకానిక్‌నే ఇంటికి పిలిపించాలి!