ఇంజను లేని బండి

పెర్త్‌లో ఉంటున్న మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇంటి వెనక షెడ్డులో, చక్రం ఊడదీసిన ట్రైలర్ పక్కన ఇద్దరం కూర్చున్నాం. అన్నయ్య హబ్ మూతను సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి ఊడదీశాడు. లోపల ముదురు తేనెరంగులో ఉండాల్సిన గ్రీజు, పాలెక్కువైన టీ రంగులో ఉంది. వేలికి కాస్త తీసుకుని నాకు చూపించాడు.

"చూశావురా, నీళ్లు తాగింది."

అది క్యాంపర్ ట్రైలర్. మడత పెడితే ఛాతీ ఎత్తు పెట్టె, విప్పితే మంచం, వంటగది, గుడారం. ఆస్ట్రేలియా వాయవ్య మూలన కింబర్లీ ప్రాంతంలో గిబ్ రివర్ రోడ్డు ఉంది, దాదాపు 660 కిలోమీటర్లు. చాలా భాగం మట్టీ కంకరా. ఆ దారిలో పెంటెకోస్ట్ నదిని అన్నయ్యవాళ్లు నీళ్లలోంచే, గులకరాళ్ల మీదుగా దాటారు. గంటల తరబడి తిరిగిన హబ్ అప్పటికే కాగి ఉంది. దాన్ని ఒక్కసారిగా చల్లటి ఏట్లో ముంచితే లోపలి గాలి ముడుచుకుంటుంది. అరవై డిగ్రీల గాలి పాతిక డిగ్రీలకు దిగితే దాని పీడనం పదో వంతు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి హబ్ బయటి నీటిని సీలు అంచుల మీదుగా లోపలికి పీల్చుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు ఏటి ఒడ్డున బండి ఆపి, కాసేపు ఆరనిచ్చి, హబ్‌లు చల్లారాకే నీళ్లలోకి దిగుతారు. ఆ రోజు వెనక మరో నాలుగు బండ్లు వేచి ఉంటే, తొందరలో అన్నయ్య ఆ అరగంట ఆగలేదట.

నీళ్లు కలిసిన గ్రీజు కొన్నాళ్లు పనిచేస్తున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం ఉక్కు తుప్పు పడుతుంది, రోలర్ల నునుపు పోతుంది, వేడి పెరుగుతుంది. చివరికి బేరింగ్ పట్టేస్తుంది, లేదా చక్రం హబ్‌తో సహా ఊడి వెళ్లిపోతుంది. ముందు కారులో ఏసీ వేసుకుని పాటలు వింటున్న మనిషికి ఆఖరి క్షణం వరకూ ఏమీ తెలియదు. ఈ యంత్రం గురించి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. కారుకు జబ్బు చేస్తే స్టీరింగులో తెలుస్తుంది, శబ్దంలో తెలుస్తుంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ట్రైలర్‌కు నోరు లేదు. దాని బాధ మనమే వెళ్లి చేత్తో తాకి తెలుసుకోవాలి.

ఆ హబ్‌లో ఉన్నది శంఖాకారపు రోలర్ బేరింగ్. దాని పుట్టుక మనకు దగ్గరి సంగతే. అమెరికాలో సెయింట్ లూయిస్ పట్టణంలో గుర్రపు బళ్లు చేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో దానికి పేటెంటు తీసుకున్నాడు. బరువైన బళ్లు మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పైనుంచి పడే బరువుతో పాటు పక్కనుంచి కూడా ఒత్తిడి పడుతుంది. ఏటవాలుగా అమర్చిన రోలర్లు ఆ రెండింటినీ మోస్తాయి. అంటే ఇది కారు కోసం పుట్టినది కాదు, బండి ఇరుసు కోసం పుట్టినది. ఇరుసూ కందెనా కలిసిన పద్యం సుమతీ శతకంలో చదువుకున్న వాళ్లం మనం. ఆముదం, మసి కలిపిన కందెన డబ్బా బండి కింద వేలాడుతుండగా చూసిన తరం ఇంకా మన ఊళ్లలో ఉంది. తిరునాళ్లకు గూడుబండి కట్టుకుని, దాని కిందే వండుకుని, అందులోనే పడుకుని వచ్చిన పెద్దవాళ్లకు క్యాంపర్ ట్రైలర్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నయ్య పాత గ్రీజంతా కిరోసిన్‌తో కడిగి, రోలర్లను వెలుగులో ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఒకదాని మీద నీలిమచ్చ, అంటే వేడెక్కిన గుర్తు. ఆ బేరింగ్ పక్కన పడేశాడు. కొత్తదాన్ని అరచేతిలో గ్రీజు ముద్దకేసి నొక్కుతూ, రోలర్ల సందుల్లోంచి అవతలికి పొంగి వచ్చేదాకా దట్టించాడు. కొత్త సీలు కొట్టాడు. చక్రం తిప్పుతూనే నట్టు బిగించి, మళ్లీ కాస్త వదులు చేసి, చీల దూర్చి దాని కాళ్లు వంచాడు. ఈ చీల ప్రతిసారీ కొత్తదే వాడాలి. బిగువు ఎక్కువైతే బేరింగ్ కాగిపోతుంది, తక్కువైతే చక్రం ఊగుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే చేతికే తెలుస్తుంది. ఏడాదికోసారి, లేదా పదివేల కిలోమీటర్లకోసారి ఈ పని చేయాలి. లోతైన నీళ్లలో దిగితే, ఇంటికి రాగానే.

వినోదం కోసం ఇల్లు కట్టిన బండి మొదట పుట్టింది ఇంగ్లండులో. నౌకాదళంలో వైద్యుడిగా చేసి రచయితగా మారిన గోర్డన్ స్టేబుల్స్ 1885లో 'ది వాండరర్' అనే గుర్రపు బండిని చేయించుకుని స్కాట్లండు దాకా వెళ్లాడు. అది నున్నని దారుల బండి. దారిలేని చోటికి వెళ్లే ట్రైలర్‌కు మూలపురుషుడు మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టాడు. జీపు తొలి నమూనాను 1940లో చేసి ఇచ్చిన చిన్న కంపెనీ అమెరికన్ బాంటమ్. తర్వాత జీపుల పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కు, ఫోర్డ్‌కు వెళ్లిపోయాయి. బాంటమ్ చేతికి వచ్చిన పని జీపు వెనక కట్టే పావుటన్ను ట్రైలర్. దాన్ని వాళ్లు ఎంతో శ్రద్ధగా చేశారు. జీపు చక్రాలే దానికీ వేశారు, కాబట్టి ఒకే స్టెప్నీ రెండింటికీ సరిపోతుంది. నీళ్లు చొరని తొట్టి, ఏరు దాటేటప్పుడు తేలుతుంది. ఈనాటికీ మంచి ఆఫ్‌రోడ్ ట్రైలర్ కొనేవాడు మొదట చూసుకునేది తన కారు చక్రమే ట్రైలర్‌కూ పడుతుందా అనే. నిర్జన ప్రాంతంలో రెండు టైర్లు పేలినప్పుడు ఆ ఒక్క పోలిక ప్రయాణాన్ని కాపాడుతుంది.

యుద్ధం తర్వాత జీపులూ ల్యాండ్ రోవర్లూ ఆస్ట్రేలియా పొలాలకు చేరాయి. ఇంటింటా ఉండే సామాన్ల ట్రైలర్ మీద గుడారం మడిచి కట్టడం మొదలైంది. ఆ గుడారపు బండిని అక్కడి దారులే సరిదిద్దాయి. ఏది విరిగితే దాన్ని లావు చేశారు, ఏది ఊడితే దాన్ని మార్చారు.

అక్కడి మట్టిరోడ్డు మీద అడ్డంగా, రేకు మడతల్లా, వరుసగా అలలుంటాయి. గ్రేడర్ వచ్చి చదును చేసిన కొద్ది రోజులకే మళ్లీ పుడతాయి. ఎందుకు పుడతాయన్నది చాలా కాలం వాదంగానే ఉండింది. టాబెర్లే, మోరిస్, మెకెల్‌వైన్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, గుండ్రంగా తిరిగే ఇసుక బల్ల మీద చిన్న చక్రాన్ని దొర్లించారు. స్ప్రింగులు లేకపోయినా అలలు పుట్టాయి. ఇసుక బదులు బియ్యం పోసినా పుట్టాయి. ఒక హద్దు వేగం దాటితే చాలు, చక్రం గింజల మీద చిన్నగా ఎగిరి దిగుతూ గుంటలు తవ్వుకుంటూ పోతుంది. ఆ హద్దు చాలా తక్కువ. నిజమైన రోడ్డు మీద అంత నెమ్మదిగా ఎవరూ పోరు. కనుక మట్టిరోడ్డు ఉన్నంతకాలం అలలుంటాయి.

ఒక లెక్క వేద్దాం. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. అలల మధ్య 65 సెంటీమీటర్ల దూరం అనుకుంటే, చక్రానికి సెకనుకు ముప్పై దెబ్బలు. నూరు కిలోమీటర్లకు లక్షన్నర. ఆ దెబ్బల శక్తినంతా షాక్ అబ్జార్బర్ మింగి, నూనెలో వేడిగా మారుస్తుంది. ఎంతకీ ఆపకుండా నడిపితే ఆ నూనె పలచబడి నురగలు కక్కుతుంది. షాక్ చచ్చిపోతే దెబ్బ నేరుగా స్ప్రింగుకు, దాన్నుంచి ఛాసిస్ వెల్డింగుకు చేరుతుంది. అందుకే అక్కడివాళ్లు గంటకోసారి ఆగుతారు. ఆగినప్పుడు ట్రైలర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తారు. హబ్ మీద చెయ్యి, షాక్ దగ్గర చెయ్యి, టైరు పక్కన చెయ్యి. షాక్‌లు వేడిగానే ఉంటాయి, భయం లేదు. కానీ రెండు వైపుల హబ్‌లలో ఒకటి వెచ్చగా, రెండోది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడే విప్పి చూడాలి.

ఇలాంటి దెబ్బలకు నట్లు ఎందుకు వదులవుతాయో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో తేల్చాడు. బోల్టును దాని నిడివి దిశలో ఎంత లాగి వదిలినా అది పెద్దగా వదులు కాదు. బిగించిన రెండు ముక్కలు అడ్డంగా, వెంట్రుకవాసి జారినా చాలు, మర ఘర్షణ తెగి నట్టు తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది. దీనికి జవాబు సరైన బిగువే. చక్రాల నట్లను టార్క్ రెంచితో బిగించి, చక్రం మార్చిన యాభై నూరు కిలోమీటర్లకు మళ్లీ సరిచూడాలి. అన్నయ్య ప్రతి నట్టు మీదా, దాని పక్క లోహం మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాడు. గీత చీలిందంటే నట్టు కదిలినట్టే. పైసా ఖర్చులేని ఈ ఉపాయం నాకు చాలా నచ్చింది.

టైరు గాలి తగ్గించడం కూడా అలాంటిదే. తారు మీద 40 పీఎస్ఐ ఉంచితే కంకర మీద 28కి, మెత్తటి ఇసుకలో 18 దాకా దించుతారు. టైరు నేలకు ఆనే చోటు పొడవు పెరుగుతుంది, రాయి గుచ్చుకునే బదులు రబ్బరు దాని చుట్టూ ఒదుగుతుంది. గాలి తగ్గిస్తే వేగమూ తగ్గించి తీరాలి. తిరిగి తారెక్కే ముందు గాలి నింపాలి. కారుకు తగ్గించి ట్రైలర్‌ను మరిచిపోయేవాళ్లు చాలామంది.

ప్రాణం తీసే ప్రమాదం మాత్రం ఎక్కువగా నున్నటి తారు రోడ్డు మీదే పొంచి ఉంటుంది. బొమ్మ కారుకు బొమ్మ ట్రైలర్ కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపే ప్రదర్శన ఒకటుంది. బరువు ట్రైలర్ ముందు భాగంలో పెట్టి వేలితో పక్కకు తోస్తే, రెండుసార్లు ఊగి నిలకడకు వస్తుంది. అదే బరువును వెనక్కి జరిపి తోస్తే, ప్రతి ఊపూ ముందరి ఊపును మించి, కారునూ లాక్కుని బోల్తా కొడుతుంది. తోసిన బలం ఒకటే, మారింది బరువున్న చోటు మాత్రమే. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు కారు కొక్కెం మీద ఆనాలన్న లెక్క ఇందుకే. 1,500 కిలోల ట్రైలర్‌కు 150 కిలోలు. నీళ్ల ట్యాంకు ఇరుసుకు ముందుంటే అది ఖాళీ అవుతున్న కొద్దీ ఈ లెక్క మారుతుంది. వెనక రెండో స్టెప్నీ, సైకిళ్లు తగిలిస్తే ఇంకా మారుతుంది. తూకం వేయకుండా బయలుదేరకూడదు. దారిలో ఊపు మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, వేగం పెంచకూడదు. స్టీరింగు తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి, ట్రైలర్ బ్రేకును ఒక్కదాన్నే చేత్తో వేయాలి. అప్పుడది వెనక్కి లాగి, తన్ను తాను తిన్నగా చేసుకుంటుంది.

ఆ బ్రేకుకు డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు రాగానే అది తిరిగే డ్రమ్ముకు అతుక్కుని, దానితో పాటు కాస్త లాగబడి, మీట ద్వారా బ్రేకు షూలను తెరుస్తుంది. తీగ సన్నదైనా, ప్లగ్గు చిలుము పట్టినా అయస్కాంతానికి వోల్టేజి చాలదు. బ్రేకు ఉన్నట్టే ఉంటుంది, పట్టదు. ఆస్ట్రేలియాలో చక్రాల మీద 750 కిలోలు దాటితే ట్రైలర్‌కు బ్రేకులుండాలి. 2,000 దాటితే అన్ని చక్రాలకూ ఉండాలి, పైగా బండి తెగిపోతే తనంతట తానే బ్రేకు పడి పదిహేను నిమిషాలైనా పట్టి ఉంచాలి. ఇవి కాగితం నియమాలు కావు. కొక్కెం నుంచి జారిన టన్నున్నర పెట్టె ఎదురు వచ్చే కారుకు ఏం చేస్తుందో ఊహించుకుంటే చాలు.

ఏటి సంగతి మళ్లీ ఒక మాట. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు పెట్టె నీటిలో ముప్పై సెంటీమీటర్లు మునిగితే 900 కిలోల నీటిని పక్కకు తోస్తుంది. నీళ్లు చొరని పెట్టె అయితే ట్రైలర్ బరువులో అంత మేరా నీరే మోస్తుందన్నమాట. చక్రాలకు నేల మీద పట్టు పోతుంది, ప్రవాహం దాన్ని కిందికి తిప్పుతుంది, అది కారును లాగుతుంది. బాంటమ్ ట్రైలర్‌కు వరమైన గుణమే ఇక్కడ శాపం. పారే నీటి లోతు తెలియకపోతే వెనక్కి తిరగడమే దారి. ఇసుకలో దిగబడ్డప్పుడు కూడా కారు వెనక ట్రైలర్ తగిలించే టో బాల్‌కు పట్టీ తగిలించి లాగకూడదు. సాగిన పట్టీ లాగుడుకు ఆ ఇనుప గుండు విరిగి ఫిరంగి గుండులా వస్తుంది. దానివల్ల మనుషులు చనిపోయారు.

ఇక విడిది జాగ్రత్తలు. గుడారపు కాన్వాసును తడిగా మడవకూడదు, బూజు పడుతుంది. గ్యాసు గొట్టాల కీళ్లకు సబ్బునురగ రాసి చూడటం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. గుడారం మూసుకుని లోపల పొయ్యి వెలిగించకూడదన్నది మాత్రం పిల్లలకు కూడా చెప్పాలి. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో క్యాంపర్ ట్రైలర్ ఉన్నవాళ్లు బహుశా పదిమంది ఉంటారు. ట్రాక్టరు ట్రాలీ ఉన్నవాళ్లు వేలల్లో ఉంటారు. దానికీ ఇంజను లేదు, నోరు లేదు. దాని హబ్‌లోనూ టిమ్‌కెన్ బేరింగే తిరుగుతోంది. ఈ వరికోతలకు ముందు ఒక్కసారి చక్రాలు విప్పి గ్రీజు రంగు చూడండి. కొక్కేనికి పిన్నుతో పాటు గట్టి గొలుసు ఒకటి కట్టండి. చీకట్లో వెనకొచ్చే మోటార్ సైకిలు కుర్రాడికి కనపడేలా, వెనక రెండు మూలలా ఎర్ర రిఫ్లెక్టర్లు ఇవాళే అంటించండి.