పన్నెండు నెలల లెక్క

సీతాఫల్‌మండిలో సీతాఫలాల సంత చాలమట్టుకు పేరులోనే మిగిలియున్నది. అక్కడినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ మీదుగా తార్నాక కూడలికి నడిచి వెళ్లినచో నేడు కంటబడే సరకు వేరు. గోడలమీద, మెట్లమీద, మేడలమీద విదేశవిద్యా ప్రకటనలే. చదువు ముగిసిన తరువాత ఏ దేశంలో ఎన్ని సంవత్సరాలు ఉద్యోగం చేసుకొనవచ్చునో ఆ బోర్డులు పెద్ద అక్షరాలలో చెప్పుచున్నవి. ఏ చదువునకు అన్న సంగతి మాత్రం వాటిమీద కానరాదు.

నాకు ఈ విషయంలో ప్రవేశం లేదు. నేను కళాశాలలో తెలుగు చెప్పుకొను వాడను. అయినను మా వీధిలో ఒక పెద్దమనిషి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి పొందినవాడు, బి.కాం. ముగించిన తన కుమారుని వెంటబెట్టుకొని ఒక సాయంకాలం మా యింటికి వచ్చినాడు. చేతిలో కాగితాల సంచి. అందులో ఇంటి దస్తావేజులు కూడ ఉన్నవి.

"సార్, జర మీరొకసారి చదివి చెప్పుండ్రి. ఇల్లు బ్యాంకుల పెట్టాలె. పెట్టేముందల చదువుకున్నోళ్లతోని ఒక మాట అడగాలె గద!" అన్నాడు.

పిల్లవాడు అమెరికాలో అకౌంటింగు ఎం.ఎస్. చదువబోవుచున్నాడు. తార్నాకలో ఒక సలహాదారు అతనితో, పట్టా చేతికి వచ్చిన తరువాత మూడేండ్లు అక్కడ ఉద్యోగం చేసుకొనవచ్చునని చెప్పినాడట. ఆ మూడేండ్ల నమ్మకం మీదనే తండ్రి దస్తావేజులు పెట్టెలోనుండి తీసినాడు. నాకు చట్టం తెలియదు గాని చదువుట తెలియును. ఆ రాత్రియు మరునాడును కూర్చుండి ఆ ప్రభుత్వపు నియమాలను చదివినాను. సలహాదారు చెప్పినది అబద్ధం కాదు. అయితే అది ఈ పిల్లవానికి చెందిన నిజం కాదు.

అమెరికాలో చదువుకొన్న పరదేశ విద్యార్థికి తన చదువునకు సంబంధించిన పని చేయుటకు పన్నెండు నెలల అనుమతి ఇత్తురు. దానిని ఓ.పి.టి. అందురు. విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, ఇంజనీరింగు, గణితం చదివినవారికి దానిపై మరి 24 నెలల పొడిగింపు కలదు. 2008లో 17 నెలలుగా మొదలైన ఈ పొడిగింపు 2016లో 24 నెలలైనది. బోర్డుమీది మూడేండ్లు ఇవే. ఏ చదువు ఆ కోవలోనిదో నిర్ణయించునది ఆరంకెల సంఖ్య. అకౌంటింగునకు ఆ సంఖ్య 52.0301. అది పొడిగింపు జాబితాలో లేదు. జీవితమంతయు అంకెలతోనే గడపవలసిన శాస్త్రం గణితం క్రిందికి రాకపోవుట వింతయే గాని, జాబితా వ్రాసినవారు నన్ను అడుగలేదు.

ఈ కారణం చేతనే కొన్ని విశ్వవిద్యాలయాలు వాణిజ్యవిద్యలో గణాంకాలను, డేటా విశ్లేషణను కలిపి, అందుకు తగిన సంఖ్యతో పట్టాలు ఇచ్చుచున్నవి. 52.1301 అను మేనేజిమెంటు సైన్సు, 52.1302 అను బిజినెస్ స్టాటిస్టిక్సు జాబితాలో ఉన్నవి. పేరులో "అనలిటిక్స్" అని ఉన్నంత మాత్రాన సరిపోదు, సంఖ్య సరిపోవలెను. విద్యార్థికి వచ్చు ఐ-20 పత్రంలో ఆ సంఖ్య అచ్చుపడి ఉండును. ప్రవేశం కుదిరిన తరువాత అది చూచి విచారించుటకంటె, డబ్బు కట్టకముందే విశ్వవిద్యాలయానికి ఉత్తరం వ్రాసి అడుగుట మేలు.

ఒక ఏడాదికి, మూడేడులకు గల తేడా కాలంలో మాత్రమే కాదు. ఓ.పి.టి. తరువాత అక్కడ నిలువదలచినవారికి ముఖ్యమైన దారి హెచ్-1బి. దానికి ఏటా 65,000, అక్కడ పై చదువు చదివినవారికి మరి 20,000 స్థానాలు. కోరువారు అంతకంటె ఎక్కువ గనుక మార్చి నెలలో చీట్లు తీయుదురు. మే నెలలో పట్టా పుచ్చుకొన్న అకౌంటింగు విద్యార్థికి సాధారణంగా నడుమ వచ్చేది ఒక్క మార్చి. పక్కగదిలోని కంప్యూటరు విద్యార్థికి మూడు మార్చులు. పైగా 2025 డిసెంబరులో ప్రకటించిన నియమం ప్రకారం హెచ్చు వేతనపు మెట్టుమీద ఉన్నవారి పేర చీట్లు ఎక్కువ పడును. కొత్తగా చేరిన గణకుడు ఉండేది అడుగు మెట్టుమీదనే. ఆ పన్నెండు నెలలలో కూడ ఉద్యోగం లేకుండ గడపదగినవి మొత్తం 90 దినాలే. 2025 సెప్టెంబరులో విధించిన లక్ష డాలర్ల రుసుము, అక్కడే చదివి ఆ హోదానుండి మారువారికి వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చినారు; అంతమట్టుకు ఊరట.

ఇక తండ్రి ప్రక్కనుండి చూడవలెను. విద్యాఋణాలలో మన బ్యాంకులు అనుసరించే మాదిరి పథకంలో, చదువు ముగిసిన ఒక సంవత్సరానికి వాయిదాలు మొదలగును. అనగా, అక్కడ పిల్లవాని అనుమతి ముగియుటయు ఇక్కడ బ్యాంకువారు తలుపు తట్టుటయు ఇంచుమించు ఒక్కనాడే. కంప్యూటరు చదివినవానికి ఆ దినం తరువాత ఇంకను రెండేండ్ల జీతం కలదు. ఈ పిల్లవానికి లేదు. నేను ఈ మాట చెప్పగానే తండ్రి చాలసేపు మాటాడలేదు. పిల్లవాడు మాత్రం సంచిలోని కాగితాలను మరల మొదటినుండి తిరగవేయుచు కూర్చున్నాడు.

1895లో సరోజినీదేవి నిజాం ప్రభువు వేతనంతో ఇంగ్లండునకు చదువబోయినది. చదివి హైదరాబాదునకు తిరిగి వచ్చినది. వేతనంతో పోయినవారికి తిరిగి రావలసిన ఋణమే ఉండెడిది. అప్పుతో పోయినవారికి, అప్పు తీరువరకు తిరిగి రాలేని ఋణం.

అమెరికా కాకున్న మరియొక దేశం అందురు. ఇంగ్లండు 2012 ఏప్రిలులో ఇట్టి అనుమతిని ఒకమారు మూసివేసి, 2021 జూలై 1న వేరొక పేరుతో తెరచినది. ఏ చదువైనను రెండేండ్లు. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేయువారికి అది 18 నెలలే. అనగా 2026 చివర చేరి ఏడాది ఎం.ఎస్సి. చదువువారికి కొత్త గడువే వర్తించును. ఆపైన నిలువవలెనన్న 2025 జూలై నుండి సాధారణంగా ఏటికి 41,700 పౌండ్ల జీతం కావలెను. కొత్త పట్టభద్రులకు కొంత సడలింపు ఉన్నది. కెనడాలో విశ్వవిద్యాలయపు మాస్టర్సు పట్టాకు మూడేండ్ల అనుమతి ఇత్తురు. కాలేజీ డిప్లొమాలకు మాత్రం 2024 నవంబరు 1 నుండి ఎంపికచేసిన విషయాలకే, అందులో వాణిజ్యం లేదు. పేరున్న ఊరని చూచి డిప్లొమాలో చేరువారు ఇది గమనింపవలెను. ఆస్ట్రేలియా మనవారి యెడల కొంత ఉదారంగా ఉన్నది: 2022 డిసెంబరులో అమలునకు వచ్చిన ఒప్పందం వలన భారతీయులకు మాస్టర్సు పట్టా తరువాత మూడేండ్లు. 35 ఏండ్లు దాటరాదు. గణకుడుగా స్థిరపడదలచినచో అక్కడి గణకసంఘం వారు చదువును తూచి యోగ్యతాపత్రం ఇయ్యవలెను.

ఈ తూకమే ఈ వృత్తిలోని అసలు చిక్కు. పావులూరి మల్లన తెలుగులో గణితసారం వ్రాసిన నాటినుండి కూడిక ఎక్కడైనను కూడికే. చిట్టా ఆవర్జాలు తెలిసినవాడు ఏ దేశపు పద్దునైనను చదువగలడు. కాని లెక్క క్రింద సంతకం పెట్టు హక్కు ఆయా దేశపు చట్టానిది. 1984లో రద్దగువరకు మన గ్రామాలలో కరణం వ్రాతకు గల విలువ ఆ గ్రామపు పొలిమేర దాటలేదు. మన చార్టర్డు అకౌంటెంటు సంతకానికి 1949 చట్టమే ఆధారం. అమెరికాలో అయితే రాష్ట్రానికొక బోర్డు; మన మూడేండ్ల బి.కాం.ను ఒక్కొక్క బోర్డు ఒక్కొక్క విధంగా కొలుచును. కోడింగు వ్రాయువానికి ఈ బాధ లేదు.

అయితే దీనికి మరొక పార్శ్వం కలదు. అమెరికా సి.పి.ఎ. పరీక్షను 2020 నుండి భారతదేశంలోనే వ్రాయవచ్చును; హైదరాబాదులోను కేంద్రమున్నది. ఆ దేశపు పన్నుల పత్రాలు, తనిఖీ పనులు గచ్చిబౌలి ప్రాంతపు కార్యాలయాలలో మన పిల్లలు చేయుచునే ఉన్నారు. జీతం రూపాయలలోనే, కాని దస్తావేజులు పెట్టెలోనే ఉండును. పిల్లవానితో ఈ మాట అన్నప్పుడు అతడు, "అక్కడ చూడాలని ఉంది సార్, లెక్క మాత్రమే కాదు" అన్నాడు. ఇరువదియొక ఏండ్లవాని ఆ మాటను నేను కాదనలేకపోయినాను.

అతడు విశ్వవిద్యాలయానికి సంఖ్య ఏదని వ్రాసినాడు. నాలుగు దినాలకు జవాబు వచ్చినది: 52.0301. వేరొక విశ్వవిద్యాలయంలో 52.1301 సంఖ్యగల చదువున్నదట. ఫీజు కొంత హెచ్చు. దానికి దరఖాస్తు పెట్టుటకు ఈ నెలాఖరు వరకు గడువున్నది. తండ్రి ఇంకను బ్యాంకునకు పోలేదు.